స్ప్లిట్‌లో ఆయన ఉద్యోగం సాగుతుంది, మరి మీది?

ప్రశ్న: నమస్తే అండీ. మాది రాజమండ్రి. నేను ఒక హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే మెడికల్ కోడింగ్ చేస్తాను, అంటే రోగుల చార్టులు చదివి జబ్బులకూ చికిత్సలకూ కోడ్‌లు వేసే పని. అన్నీ అమెరికా ఆసుపత్రుల చార్టులే. ఎనిమిదేళ్ల సర్వీసు, నెలకు 55 వేలు చేతికొస్తాయి. మా వారు యాప్‌లకు డిజైన్ చేస్తారు. ఒక జర్మన్ కంపెనీకి కాంట్రాక్టు మీద పని, నెలకు 4,000 యూరోలు ఇస్తారు. ఐదేళ్ల పాప, యూకేజీ చదువుతోంది. క్రొయేషియాలో స్ప్లిట్ అనే ఊరికి వెళ్లి ఏడాదిన్నర ఉందామని ఆయన పట్టుబట్టారు. అక్కడ ఇంటర్నెట్ మీద ఎక్కడి నుంచైనా పనిచేసుకునే డిజిటల్ నోమాడ్‌లకు ప్రత్యేకంగా అనుమతి ఇస్తారట, పన్ను కూడా ఉండదట. ‘నీది వర్క్ ఫ్రమ్ హోమే కదా, ఆ హోమ్ ఇక్కడైతే ఏంటి, అక్కడైతే ఏంటి’ అంటారు. ఎక్కడి నుంచి లాగిన్ అయ్యామో దాచే వీపీఎన్ పెట్టుకుని కంపెనీకి చెప్పకుండా చేసేయొచ్చని మా టీమ్‌లో ఒకమ్మాయి అంది. పోనీ మానేద్దామంటే నా జీతంలోంచే మా అమ్మకు నెలకు 15 వేలు పంపుతున్నాను. వీడియోల్లో ఆ సముద్రం చూస్తుంటే నాకూ వెళ్లాలనే ఉంది, భయంగానూ ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు వీపీఎన్ మాట. అది వద్దండీ. మీ టీమ్‌లో అమ్మాయి మంచికే చెప్పి ఉంటుంది. బట్టల దుకాణానికి వెబ్‌సైట్ చేసేవాళ్లయితే అలా దొరికిపోయినా చీవాట్లతో బయటపడొచ్చేమో, మెడికల్ కోడింగ్‌లో అంతటితో ఆగదు. మీ స్క్రీన్ మీద ఉండేది రోగి పేరు, పుట్టిన తేదీ, జబ్బు. వాటిని కాపాడటానికి అమెరికాలో 1996లో వచ్చిన చట్టమే హిపా. ఏటా ట్రైనింగ్ పేరుతో మీ చేత టిక్కులు పెట్టించేది దాని గురించే. డేటా ఫలానా దేశం దాటకూడదని ఆ చట్టం నేరుగా అనదు. కానీ క్లయింటు మీ కంపెనీతో రాసుకునే ఒప్పందంలో పని ఏ దేశంలో జరగాలి, ఎవరెవరు ఎక్కడి నుంచి ఫైళ్లు తెరవొచ్చు అన్నది సాధారణంగా ఉంటుంది. కొన్ని ప్రభుత్వ బీమా పథకాల విషయంలో ఇంకా గట్టిగా ఉంటుంది. మీకు ఇంటి నుంచి పనికి ఒప్పుకున్నప్పుడు కూడా ఇంటి అడ్రసు తీసుకుని ఏదో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకునే ఉంటారు, వెతికి ఒకసారి చదవండి. వీపీఎన్ ఒక్క నిమిషం తెగితే చాలు, లాగిన్ రికార్డులో క్రొయేషియా అని పడుతుంది. ఉద్యోగం పోవడం ఒక ఎత్తు, ఎందుకు పోయిందో తర్వాతి కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో తేలడం ఇంకో ఎత్తు. ఎనిమిదేళ్ల సర్వీసును పందెం కాసేంత సముద్రం ఎక్కడా లేదు.

కాబట్టి ‘హోమ్ ఎక్కడైతే ఏంటి’ అన్నది మీ వారి పనికి నిజం. మీ పనికి కాదు. ఈ తేడాను మీ ఇద్దరూ ఇంతవరకూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నట్టు లేదు. మిగతా లెక్కలన్నీ దీని వెనకే వస్తాయి.

గడియారం సంగతే చూడండి. స్ప్లిట్‌కీ జర్మనీకీ ఒకే టైము. ఇప్పుడు మధ్యాహ్నం కూర్చుని రాత్రి తొమ్మిదీ పది దాకా కాల్స్‌లో ఉండే మనిషి, అక్కడ పొద్దున తొమ్మిదికి మొదలెట్టి సాయంత్రం అయిదింటికి లాప్‌టాప్ మూసేస్తారు. ఆయనకు ఆ ఊరు ఎందుకంత నచ్చిందో ఇందులో సగం తెలిసిపోతుంది. మీ పని సంగతి దీనికి తలకిందులు. కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకున్నా సరే, మన పొద్దున తొమ్మిదింటి షిఫ్టుకి చలికాలం అక్కడ తెల్లవారుజామున నాలుగున్నరకు లాగిన్ కావాలి. మార్చి చివర గడియారాలు ముందుకు జరిపాక అయిదున్నర. అదే ఇంట్లో, అదే ప్రయాణంతో ఆయన రోజు తేలికవుతుంది, మీ రోజు బరువవుతుంది. ఆయన దీన్ని దాచారనడం లేదు, ఆయనకు తట్టి ఉండదు.

ఇక అనుమతి విషయం. క్రొయేషియా 2021 జనవరి నుంచి డిజిటల్ నోమాడ్‌లకు తాత్కాలిక నివాసం ఇస్తోంది. మొదట్లో ఏడాది వరకే ఇచ్చేవారు, 2025లో దాన్ని 18 నెలల దాకా పెంచారు. మీ వారు ‘ఏడాదిన్నర’ అంటున్నది అక్కడి నుంచే. అది అయిపోయాక వెంటనే పొడిగించుకుంటూ పోవడానికి లేదు. ఆరు నెలలు ఆగి మళ్లీ కొత్తగా అడగాలి. అంటే స్థిరపడటానికి ఇది దారి కాదు. అక్కడి కంపెనీలకు పనిచేయడానికీ వీల్లేదు. ఆదాయం షరతు ఆ దేశంలో సగటు నికర జీతానికి రెండున్నర రెట్లు. 2025లో అది నెలకు 3,295 యూరోలు. వెంట వచ్చే ఒక్కొక్కరికీ సగటు జీతంలో 10 శాతం, అంటే సుమారు 132 యూరోలు కలపాలి. మీ ముగ్గురికీ కలిపి 3,560 దాకా తేలుతుంది. ఆయనకు 4,000 వస్తున్నాయి కాబట్టి గట్టెక్కుతారు, కానీ పెద్ద ఖాళీ లేదు. ఈ అంకె ఏటా మారుతుంది, మారినప్పుడల్లా పైకే పోతోంది. దరఖాస్తు పెట్టే నెలలో అక్కడి హోం శాఖ సైటులో ఎంతుందో అదే లెక్క.

మీరూ పాపా ఆయన కుటుంబ సభ్యులుగా వెళ్తారు. అలా వచ్చే అనుమతి కుటుంబంతో ఉండటానికి ఇచ్చేది. దాని మీద ఉండి మీ హైదరాబాద్ ఉద్యోగం చేస్తానంటే ఢిల్లీలోని క్రొయేషియా ఎంబసీని రాతపూర్వకంగా అడిగి, జవాబు చేతిలో పెట్టుకున్నాకే ఆలోచించాలి. మీరు విడిగా నోమాడ్‌గా పెట్టుకుందామన్నా మీ 55 వేలు ఆ ఆదాయం షరతుకి అయిదోవంతు కూడా కాదు.

‘పన్ను ఉండదట’ అన్నది సగం నిజం. నోమాడ్ హోదాలో ఉన్నవాళ్లు బయటి దేశపు కంపెనీకి చేసే పని మీద వచ్చే ఆదాయానికి క్రొయేషియా పన్ను వేయదు. ఇది వాళ్ల చట్టంలోనే ఉంది. మిగతా సగం మన వైపుది. ఏ దేశంలోనూ పన్ను చెల్లించాల్సిన బాధ్యత లేకుండా తిరిగే భారత పౌరుల ఆదాయం 15 లక్షలు దాటితే, వాళ్లు ఇండియాలో లేకపోయినా ఇక్కడి నివాసి కిందే లెక్కేసే నిబంధన 2020-21 నుంచి ఉంది. ఆ 15 లక్షల్లోకి మామూలుగా విదేశీ ఆదాయం రాదు. అయితే ఇండియాలో మొదలుపెట్టిన వృత్తి మీద బయటి నుంచి వచ్చే డబ్బు వస్తుంది. మీ వారి కాంట్రాక్టు రాజమండ్రిలో కూర్చుని సంతకం పెట్టిందే కదా. టికెట్లు తీసుకునే ముందు ఒక మంచి సీఏ దగ్గర కూర్చోండి, ఇద్దరూ కూర్చోండి. అంతవరకూ పన్ను మిగులుతుందన్న ఊహతో బడ్జెట్ వేయకండి. ఆ వీడియోలు తీసేవాళ్లలో ఎక్కువమంది అమెరికా, బ్రిటన్ పాస్‌పోర్టుల వాళ్లు. వాళ్ల లెక్క మన లెక్క ఒకటి కాదు.

ఇంతవరకూ కాగితాలు. అసలు జీవితం ఇంటి అద్దెతో మొదలవుతుంది, మీ వారి ఏడాదిన్నర ప్లాను చెడేది కూడా అక్కడే. మా ఆయనా నేనూ ఒక చలికాలం స్ప్లిట్‌లో పనిచేసుకుంటూ గడిపాం, అందుకే ఈ విషయంలో కొంచెం ఎక్కువ మాట్లాడతాను. రాజమండ్రి వాళ్లు కాబట్టి మీకు తేలిగ్గా అర్థమవుతుంది: పుష్కరాలప్పుడు మీ ఊళ్లో గదుల అద్దెలు ఎలా ఉంటాయో, స్ప్లిట్‌లో ప్రతి వేసవీ అలాగే. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇల్లు రాత్రికి ఇంత అని టూరిస్టులకు ఇస్తారు. ఓనరుకు ఏడాది సంపాదన ఆ కొద్ది వారాల్లోనే. మిగతా కాలం ఖాళీగా ఉంచడం ఎందుకని మనలాంటి వాళ్లకు నెల అద్దెకిస్తారు. ప్రకటనల్లోనే ‘సెప్టెంబరు నుంచి జూన్ వరకు’ అని రాసేస్తారు, కొందరు మే చివరకే ఖాళీ చేయమంటారు. కాబట్టి ఏడాదిన్నర ఉంటే నడివేసవిలో, ఊరు కిక్కిరిసి ఉన్నప్పుడు, చిన్నపిల్లతో సామాన్లు మోసుకుంటూ ఇల్లు మారాల్సి వస్తుంది. లేదా మూడు రెట్ల అద్దె కట్టాలి. వీడియోల్లో నీలంగా మెరిసే ఆ జూలై సముద్రం, నెల అద్దెకు ఉండేవాళ్లది కాదండీ.

సీజను కాని నెలల్లో ఒక పడకగది ఇల్లు 700 నుంచి 1,000 యూరోల మధ్య వెతుక్కోవచ్చు. కరెంటు, నీళ్లు వేరు. పాత ఊళ్లో, అంటే కోట గోడల లోపల తీసుకోవద్దు. ఫొటోల్లో బాగుంటుంది కానీ చలికాలం చుట్టుపక్కల సగం కిటికీలు మూసే ఉంటాయి, రాతి గోడలు చెమ్మ పడతాయి, సామాన్లతో మెట్లెక్కాలి. స్పినూట్, స్ప్లిట్-3 లాంటి పేటల్లో చూడండి. స్ప్లిట్-3 అంటే 1970లలో ప్లాను వేసి కట్టిన అపార్ట్‌మెంట్ల పేట. చూడటానికి ఏముంది, కాంక్రీటే. కానీ అందులో కార్లు తిరగని వీధులున్నాయి, పిల్లలు ఆడుకుంటారు, బేకరీ, మందుల షాపు నడిచే దూరంలో ఉంటాయి, ఏడాది పొడవునా మనుషులుంటారు.

ఇల్లు చూసేటప్పుడు ఓనర్ని అడగాల్సిన మొదటి ప్రశ్న అద్దె గురించి కాదు. ‘మా పేర్లు ఈ చిరునామాలో పోలీసుల దగ్గర నమోదు చేయించుకోవడానికి కాంట్రాక్టు ఇస్తారా?’ అని అడగండి. అది లేకపోతే అనుమతి కార్డు పని ముందుకు సాగదు. లెక్కల్లో కనబడటం ఇష్టంలేక కొందరు ఓనర్లు నోటిమాట మీద ఇస్తామంటారు. అలాంటి ఇల్లు ఎంత బాగున్నా వదిలేయండి. బేరానికి పనికొచ్చే సంగతి ఒకటుంది. 2025 నుంచి అక్కడ ఇళ్ల మీద పన్ను వచ్చింది, ఏడాదిలో కనీసం 10 నెలలు నివాసానికి అద్దెకిచ్చిన ఇంటికి దాని నుంచి మినహాయింపు ఉంది. టూరిస్టుల రద్దీతో అలసిపోయిన పెద్దవయసు ఓనర్లు దొరికితే ఆ మాట వాళ్ల చెవిన వేసి చూడండి.

రెండోది చలికాలం. మధ్యధరా తీరం అంటే వెచ్చదనం అనుకుంటాం. స్ప్లిట్‌లో మంచు అరుదే, డిసెంబరు, జనవరిల్లో పగలు పది డిగ్రీల పైనే ఉంటుంది. బయట చలిని స్వెటరుతో తట్టుకోవచ్చు. ఇంట్లో చలే కష్టం. చాలా ఇళ్లకు సెంట్రల్ హీటింగ్ ఉండదు. ఏసీనే వేడిగాలికి తిప్పుకుని ఒక గదిలో ముడుచుకుంటారు. ఊరి వెనక మోసోర్ కొండలున్నాయి. వాటి అవతల పేరుకున్న చల్లగాలి ఒక్కసారిగా కిందికి జారి సముద్రం మీద పడుతుంది. దాన్ని బూరా అంటారు. జాదర్ దగ్గర మస్లెనిత్స వంతెన ప్రాంతంలో దాని వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటిన రికార్డులున్నాయి. స్ప్లిట్‌లో అంత ఉండదు గానీ కిటికీలు అదిరిపోతాయి, దీవులకెళ్లే పడవలు ఆగిపోతాయి. అయితే బూరా వచ్చాక ఆకాశం కడిగినట్టు ఉంటుంది, బట్టలు గంటలో ఆరిపోతాయి. నాకైతే బూరానే నయం. దక్షిణం వైపు నుంచి వచ్చే యూగో ఇంకో గాలి. వెచ్చగా, తేమగా, రోజుల తరబడి ముసురు పట్టిస్తుంది. తలనొప్పులు, చిరాకులు అన్నిటికీ అక్కడివాళ్లు దాన్నే తిడతారు. పాత దుబ్రోవ్నిక్ గణరాజ్యంలో యూగో వీచే రోజుల్లో ముఖ్యమైన నిర్ణయాలు తీసుకునేవారు కాదని కూడా చెప్పుకుంటారు.

డిసెంబరులో సాయంత్రం నాలుగుంపావు దాటగానే పొద్దు గుంకుతుంది. ఆయన అయిదింటికి లాప్‌టాప్ మూసి ‘పదండి బీచికి’ అనే సరికి బయట చీకటి. 2023లో వచ్చిన చట్టంతో ఆదివారాలు చాలావరకు దుకాణాలు మూతే. ఏడాదిలో 16 ఆదివారాలు మాత్రమే తెరవొచ్చు, వాటిని ఎక్కువమంది వేసవికే దాచుకుంటారు. ఆయనకు పనిరోజు ఎలాగోలా గడిచిపోతుంది. తెలిసిన భాష వినబడని ఊళ్లో, వాన కురుస్తుండగా, ఐదేళ్ల పిల్లతో మధ్యాహ్నాలు గడపాల్సింది మీరు. ఫిబ్రవరిలో ఒక మంగళవారాన్ని ఊహించుకోండి. అది కూడా పర్వాలేదనిపిస్తే స్ప్లిట్ మీకు పడుతుంది.

నన్నడిగితే, పడుతుందనే అంటాను. పొద్దున్నే కోట తూర్పు గోడ పక్కన పజార్ అనే కూరగాయల సంత ఉంటుంది. చుట్టుపక్కల పల్లెల ముసలమ్మలు పాలకూర లాంటి బ్లిత్వ కట్టలు పెట్టుకుని కూర్చుంటారు. దాన్ని వెల్లుల్లి, బంగాళదుంపలతో ఆలివ్ నూనెలో చేస్తారు. మీరు మన పోపు పెట్టుకోండి. చేపల మార్కెట్ ఊరి నడిబొడ్డునే ఉంది, పక్కనున్న గంధకపు ఊటల వల్ల అక్కడ ఈగలుండవని స్ప్లిట్ వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. మన కవళ్ల లాంటి స్ర్దేలే చౌకగా దొరుకుతాయి, పులుసుకి బాగుంటాయి. బియ్యం, శనగలు సూపర్ మార్కెట్లో ఉంటాయి. కందిపప్పు, చింతపండు, కారం మాత్రం మోసుకెళ్లండి. మన ముఖాలు అసలు కనబడవనుకోకండి. ఫుడ్ డెలివరీ సంచులతో నేపాలీ కుర్రాళ్లు ఎదురవుతూనే ఉంటారు, హోటళ్లలో, కట్టడాల దగ్గర మన దేశం వాళ్లూ ఉన్నారు. వాళ్లంతా పని పర్మిట్ మీద వచ్చి గదికి నలుగురైదుగురు సర్దుకుని బతికేవాళ్లు. మీ ‘రిమోట్ వర్క్’ జీవితానికీ వాళ్ల జీవితానికీ పొంతన ఉండదు, అయినా హిందీలో రెండు మాటలు కలిపితే ఏ షాపులో జీలకర్ర దొరుకుతుందో వాళ్లే చెబుతారు.

ఇంకో పిట్టకథ. ఆ ఊరు పుట్టిందే ఒక రిటైర్మెంటు ఇంటిలోంచి. రోమ్ చక్రవర్తి డయోక్లీషియన్ 305లో అధికారం వదిలేసి, తను పుట్టిన ప్రాంతంలోనే సముద్రం ఒడ్డున కట్టించుకున్న కోటలోకి వచ్చేశాడు. కొన్నేళ్లకు మళ్లీ గద్దె ఎక్కమని అడగబోతే, ‘నేను పెంచిన క్యాబేజీలు చూస్తే మీరీ మాట అనరు’ అన్నాడట. ఆఫీసుకు తిరిగి రమ్మంటే అంత బాగా జవాబు చెప్పినవాడు మళ్లీ పుట్టలేదు. మీ వారికి ఈ కథ తెలిస్తే ఇంకా హుషారెక్కుతుంది కాబట్టి జాగ్రత్తగా చెప్పండి. చక్రవర్తికి అద్దె లేదు, ఈఎంఐ లేదు.

పాప చదువు పెద్ద అడ్డు కాదు. అక్కడ ఏప్రిల్ 1 నాటికి ఆరేళ్లు నిండిన పిల్లలే ఆ సెప్టెంబరులో ఒకటో తరగతిలో చేరతారు. అంతకు ముందు వర్తిచ్ అనే శిశుపాఠశాల. ప్రభుత్వం వాటిలో సీటు దొరకడం కష్టం, ప్రైవేటువి డబ్బుతో కూడినవి. సగం పూట పంపినా చాలు, పిల్లలు మనకంటే ముందు భాష పట్టేస్తారు. పాప వయసు చూసుకుని, ఇక్కడి బడిలో సీటు పోకుండా ప్రిన్సిపాల్‌తో ముందే మాట్లాడుకోండి.

గ్రీస్, మాల్టా, స్పెయిన్‌ల గురించి కూడా మీ వారు చూసే ఉంటారు. గ్రీస్ నెలకు 3,500 యూరోలు అడుగుతుంది, దాని పైన కుటుంబానికి అదనం. మాల్టా ఏడాదికి 42,000 అంటుంది, ఇంగ్లీషు చెల్లే చోటు, కానీ చిన్న దీవి, ఇళ్లు కిటకిట. స్పెయిన్‌లో ఎక్కువ కాలం ఉండొచ్చు, దానికి తగ్గట్టు పన్ను, సామాజిక భద్రత చిక్కులూ ఎక్కువే. మీ లెక్కకు క్రొయేషియా తప్పు ఎంపికేమీ కాదు. నా అభ్యంతరం దేశం మీద లేదు, ఏడాదిన్నర మీద, మీ ఉద్యోగాన్ని మడిచి సూట్‌కేసులో పెట్టేయొచ్చన్న ధీమా మీద.

నా సలహా ఇది: సెప్టెంబరులో వెళ్లి మే చివరకో జూన్ మొదటికో తిరిగి రండి. సెప్టెంబరు, అక్టోబరుల్లో సముద్రం ఈతకు వెచ్చగానే ఉంటుంది, జనం పలచబడతారు. మే 7న ఊరి దేవుడు సెయింట్ డొమ్నియస్ పండుగ చూసి బయల్దేరొచ్చు. స్ప్లిట్ ఓనర్లు ఖాళీ చేయమనే రోజులకీ మన బడులు జూన్ రెండో వారంలో తెరిచే రోజులకీ భలే కుదురుతుంది. అనుమతి 18 నెలలకు ఇస్తారని 18 నెలలూ ఉండి తీరాలని లేదు.

మీరు రాజీనామా చేయకండి. తొమ్మిది నెలలకు లాస్ ఆఫ్ పే మీద లాంగ్ లీవ్ అడగండి. మేనేజరుకి నోటితో కాదు, హెచ్‌ఆర్‌కి మెయిల్ రాసి, తిరిగొచ్చాక అదే గ్రేడులో తీసుకుంటామన్న మాట మెయిల్లోనే తెప్పించుకోండి. ఒప్పుకోకపోతే ఆరు నెలలు అడగండి, అప్పుడు మీరూ పాపా డిసెంబరులో వెళ్లొచ్చు. సెలవులో ఉన్నప్పుడు లోపల కూర్చుని పాతబడిపోకండి. జబ్బులకు వేసే ఐసీడీ కోడ్‌లు ఏటా అక్టోబరు 1న, చికిత్సలకు వేసే సీపీటీ కోడ్‌లు జనవరి 1న మారతాయి, రెండూ మీరు బయట ఉన్నప్పుడే వస్తాయి. కోడర్లకిచ్చే సీపీసీ సర్టిఫికెట్ ఉంటే రెండేళ్లకు కావలసిన 36 క్రెడిట్లలో వీలైనన్ని ఆ చీకటి సాయంత్రాల్లో వెబినార్లతో పూర్తిచేసుకోవచ్చు. వాటికి రోగుల డేటా అక్కర్లేదు, కంపెనీ లాప్‌టాప్ అక్కర్లేదు. ఆ లాప్‌టాప్ మాత్రం సెలవు మొదటి రోజే అప్పగించి రసీదు తీసుకోండి.

డబ్బు మాట సిగ్గుపడకుండా మాట్లాడండి. మీ అమ్మగారి 15 వేలు, యూరోకి సుమారు వంద రూపాయల లెక్కన 150 యూరోలు. అది ఆయన దయతో ‘పంపిద్దాంలే’ అనే పద్దు కాకూడదు. వెళ్లే ముందే తొమ్మిది నెలల మొత్తం మీ ఖాతాలో వేయించుకుని, ప్రతి ఒకటో తారీకుకీ అమ్మగారికి వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేయండి. ఆ తొమ్మిది నెలలూ మీ పీఎఫ్‌లో జమ ఉండదు, దానికి సరిపడా కూడా మీ పేరు మీద ఎక్కడో దాచమనండి. ఆయన కోరిక తీరడానికి మీ జీతం ఆగుతోంది, కాబట్టి ఇది ప్రయాణం ఖర్చులో భాగమే. మంచి మనిషైతే ఒక్కసారి లెక్క చూపిస్తే అర్థం చేసుకుంటారు. ‘నీ 55 వేలదేముంది’ అన్న మాట వస్తే మాత్రం, స్ప్లిట్ ముచ్చట అక్కడ ఆపి ఆ మాట గురించి మాట్లాడండి.

ఇంకొకటి అడగండి. ముందు ఆయన ఒక్కరే వెళ్లి మూడు నాలుగు వారాలు ఉండి, ఇల్లు స్వయంగా చూసి, వేడిగాలి వచ్చే ఏసీ ఎన్ని గదుల్లో ఉందో చూసి, చిరునామా నమోదు చేయించుకున్నాకే మీరిద్దరూ విమానం ఎక్కాలి. మన దేశం నుంచి స్ప్లిట్‌కి నేరుగా విమానం లేదు. చలికాలం ఆ ఎయిర్‌పోర్టుకి వచ్చే విమానాలు కూడా బాగా తగ్గిపోతాయి. పిల్లతో వెళ్లే మీరు అక్టోబరు దాటకుండా వెళితే ప్రయాణం తేలిక.

కాగితాలకు పట్టే సమయాన్ని తక్కువ అంచనా వేసినంతగా మనవాళ్లు ఇంకదేన్నీ వేయరు. పెళ్లి రిజిస్టర్ చేయించుకున్నారా? మనలో చాలామంది శుభలేఖతో, ఆల్బమ్‌తో సరిపెట్టుకుంటారు, అక్కడ అవి చెల్లవు. పెళ్లి సర్టిఫికెట్, పాప బర్త్ సర్టిఫికెట్ ముందు రాష్ట్ర ప్రభుత్వం దగ్గర ధ్రువీకరించి, తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్, అంటే బయటి దేశంలో చెల్లేలా వేసే ముద్ర, వేయించుకోవాలి. అవి క్రొయేషియన్‌లోకి అక్కడి కోర్టు గుర్తించిన అనువాదకుల చేత మార్పించాలి. పెద్దవాళ్లిద్దరికీ పాస్‌పోర్టు ఆఫీసు నుంచి పోలీస్ క్లియరెన్స్ ఉండాలి. ఆయన కాంట్రాక్టులో ‘పని ఎక్కడి నుంచైనా చేయవచ్చు’ అన్న వాక్యం జర్మన్ కంపెనీ చేత రాయించుకోవాలి. ఆరోగ్య బీమా ముగ్గురికీ ఉండేంత కాలానికీ కావాలి. సెప్టెంబరు ప్రయాణమంటే ఇవన్నీ ఫిబ్రవరి, మార్చిలకల్లా మొదలు కావాలి. అన్నిటికంటే ముందు మీ పాస్‌పోర్టు తీసి చూడండి: మీ ఇంటిపేరు పుట్టింటిదా, అత్తింటిదా, భర్త పేరు గడిలో ఆయన పేరు ఉందా, ఆయన పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగే మీ దాంట్లోనూ పాప సర్టిఫికెట్‌లోనూ ఉందా అని. తేడా ఉంటే సరిచేయించడానికే రెండు నెలలు పడుతుంది, ఆ పని ఈ వారమే మొదలుపెట్టండి.